చప్పుడు తీసేసిన కథ

ఆయన పుక్కిలించి ఉమ్మేశాక వాష్‌బేసిన్ కడగడం ఆమె పని. ఇది నీ పని అని ఎవరూ చెప్పలేదు, ఆమె కాదనీ అనలేదు, ఏళ్ల తరబడి అలా జరిగిపోతోందంతే. మామూలు రోజుల్లో పొద్దున ఒక్కసారితో వదిలిపోయేది. ఈమధ్య ఆదివారం వస్తే చాలు, తెల్లారిన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఆమె ఉప్పు వేసి నీళ్లు కాచి ఆయన చేతికివ్వాలి. ఆయన తల వెనక్కి వాల్చి, గొంతులో గళగళలాడించి, అడుగున ఎక్కడో ఉన్నదాన్ని కూడా పైకి లాక్కొచ్చి బేసిన్‌లో వదిలి, కుళాయైనా తిప్పకుండా వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆమె వెళ్లి, కిందికి దిగనని మొండికేసి అంటుకుపోయినదాన్ని పాత బ్రష్షుతో నెట్టి, సబ్బుపొడి చల్లి తోమాలి. ఎన్నేళ్లయినా ఇది ఆమెకి అలవాటు కాలేదు. ఇప్పటికీ ఊపిరి బిగబట్టే తోముతుంది.

"అయిందా? తలుపేసెయ్. ఇంక ఎవరూ కిక్కురుమనకూడదు. మొదలుపెడుతున్నా," అన్నాడాయన పడగ్గదిలోంచి.

ఆయనది బంగారు గొంతు మరి. ఆ మాట ఆఫీసులో ఎవరో ఎప్పుడో మర్యాదకి అన్నారు. ఆయన దాన్ని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుని పెంచి పెద్దచేశాడు. ఆఫీసులో ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషన్ వచ్చినా మైకు ఆయన చేతికే ఇస్తారు. ఆయన కళ్లు సగం మూసుకుని, ఒక్కో మాటనీ సాగదీసి వదులుతుంటే ముందు వరసలో వాళ్లు తలలూపుతారు. ఆ గొంతు ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదు. ఇంట్లో అది టవల్ ఏదంటుంది, కళ్లజోడు ఎక్కడ తగలేశావంటుంది, రోజంతా ఏం చేస్తుంటావో నాకు అర్థం కాదంటుంది. ఆమెకి తెలిసింది ఆ గొంతే. ఇప్పుడా గొంతు ఇల్లు చాలక, ఆఫీసు చాలక, ఆమె క్లాసు పిల్లల నోళ్లలోకి కూడా దూరుతోంది.

అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆ క్లాసు సంగతి చెప్పాలి.

ఆమె ఐదో తరగతికి భాష చెబుతుంది. పోయినేడు టీచర్లందరినీ ఒక శిక్షణకి పిలిచి, పిల్లల చేత డిజిటల్ కథలు చెప్పించడం ఎలాగో నేర్పారు. మిగతావాళ్లు సర్టిఫికెట్టు తీసుకుని, టీ తాగి ఇళ్లకి వెళ్లిపోయారు. ఈమెకి మాత్రం అది పట్టుకుంది. పెద్ద విద్యేం కాదు. పిల్లలు తమ ఇంట్లోదో వీధిలోదో ఒక చిన్న కథ అనుకోవాలి. ఇంట్లో ఎవర్నో బతిమాలి ఫోను తీసుకుని నాలుగు ఫోటోలు తీయాలి. ఆ కథని తమ నోటితో చెప్పి రికార్డు చేయాలి. తర్వాత క్లాసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు ఆమె పక్కన కూర్చుని ఫోటోలనీ మాటనీ అతికించుకోవాలి. రెండు నిమిషాల సినిమా తయారవుతుంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఎవరి కథ వాళ్ల గొంతుతోనే చెప్పాలి. తడబడితే తడబడండి, మధ్యలో తుమ్ము వస్తే తుమ్మండి, పక్కవాళ్ల చేత మాత్రం చెప్పించొద్దు అంది.

వ్యాసం రాయమంటే పెన్సిళ్లు నమిలే పిల్లలు ఈ కథలకి ఎగబడ్డారు. ఒకడు తాతగారి పళ్లసెట్టు గ్లాసులోంచి చూసే లోకం చెప్పాడు. ఇంకో పిల్ల వాళ్ల అపార్ట్‌మెంటు లిఫ్టు ఎవరెవరి మీద అలుగుతుందో చెప్పింది. ఆమెకి మళ్లీ ఉద్యోగంలో కొత్తగా చేరినట్టు ఉండేది. బడి వదిలాక కూడా పిల్లలు కంప్యూటరు చుట్టూ వేళ్లాడుతుంటే, ఇంటికెళ్లాక వంట ఆలస్యమైందని మాట పడాల్సి వస్తుందని తెలిసీ ఉండిపోయేది.

ఆ పిల్లల్లో ఒకతె ఉంది, క్లాసంతా గుసగుస అని పిలుస్తారు. ఆ పిల్లకి నోట్లో నాలుక ఉందో లేదో ఎవరికీ తెలియదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. ప్రశ్న అడిగితే పక్కపిల్ల చెవిలో చెబుతుంది, పక్కపిల్ల లేచి పైకి చెబుతుంది. ఏడాదిగా ఆమె చేయని ప్రయత్నం లేదు. అలాంటి పిల్ల ఒకరోజు అమ్మ ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టి, వెళ్లి కిటికీ పక్కన నిలబడింది.

ఫోటోలన్నీ మసక. తడి నేల మీద ఒక కాలు, సగం మోచెయ్యి, పొయ్యి దగ్గర ఏదో రంగు మరక. ఎందులోనూ మనిషి సరిగ్గా లేదు. రికార్డు నొక్కితే మొదట కుళాయి కింద బక్కెట్ నిండుతున్న మోత వినబడింది. దాని మీద సన్నగా, వణుకుతూ, గుసగుస గొంతు. "ఇది మా అమ్మ లేచింది." తర్వాత నేల తుడుస్తున్న చప్పుడు. "ఇదీ అమ్మే." గిన్నెలు, కత్తిపీట, ఇస్త్రీపెట్టె బల్ల మీద దబ్బున పడడం, తలుపు గొళ్లెం. "ఇదీ అమ్మే. ఇదీ అమ్మే." మధ్యలో పెద్దగా ఒక గురక. "ఇది నాన్న." మళ్లీ కుళాయి. చివర్లో ఇంకొంచెం గట్టిగా, "అమ్మని ఫోటో తీద్దామని చూశాను. నిలబడదు. అందుకని ఫోటోలో పడలేదు. చప్పుడులో పడింది."

ఆమె దాన్ని మొదటినుంచీ ఇంకోసారి వింది. కళ్లు తుడుచుకుని కిటికీ వైపు చూసేసరికి ఆ పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది. "ఇది వార్షికోత్సవంలో అందరికీ చూపిద్దామా?" అనడిగింది ఆమె. గుసగుస తలూపలేదు. "సరే టీచర్," అంది. పక్కపిల్ల చెవిలో కాదు, పైకి అంది.

అదీ సంగతి. ఆ గొంతు ఆ పిల్లదిగా ఆ హాల్లో వినిపించాలి. ఆమెకి కావలసింది అంతే.

పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఓ మధ్యాహ్నం వచ్చి కథలన్నీ చూశాడు. ఈసారి వార్షికోత్సవానికి పై ఆఫీసు వాళ్లు వస్తున్నారు, వాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి కావాలి. "ఐడియా బాగుంది మేడం. కానీ వెనకాల ఈ రొదేమిటి?" అన్నాడు. రొద నిజమే. పిల్లలకి ఫోను దొరికేది అమ్మ దగ్గర, అమ్మ దొరికేది వంటింట్లో. అందుకని ఏ కథ విన్నా వెనకాల మిక్సీయో, కుక్కరో, ఎవరో ఎవర్నో కేకేయడమో ఉంటుంది.

"అది వాళ్ల ఇల్లండీ," అంది ఆమె.

"ఇల్లు ఇంట్లో ఉండాలి మేడం, బడిలో ఎందుకు? ఈ పిల్లల పలుకు కూడా ఏం బాలేదు, సగం మింగేస్తున్నారు. వచ్చేవాళ్లు ఏమనుకుంటారు? మీ వారుండగా మనకి గొంతు కరువా!"

పోయినేడు ఏదో సభలో ఆయన మాట్లాడగా పెద్దసారు విన్నాడట. ఆ మాట నవ్వుకి అని ఊరుకుంటాడనుకుంది ఆమె. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కూర కలుపుకుంటూ, "మీ పెద్దసారు ఫోన్ చేశాడు. సరేనన్నాను," అన్నాడు.

"నన్ను అడగకుండానా?"

"నిన్ను అడిగేదేముంది? నీకే కదా సాయం. ఇన్నాళ్లూ పిల్లలతో ఏదో టైంపాస్ చేశావు. నేను చెయ్యి వేస్తే ప్రాజెక్టవుతుంది."

అత్తగారు పక్కనుంచి, "వాడు చేస్తానంటున్నాడుగా అమ్మాయ్, నీకూ ఓ పని తగ్గుతుంది," అంది. ఆవిడ మంచికే అంది. ఈ ఇంట్లో అందరూ ఎప్పుడూ మంచికే అంటారు.

పని తగ్గడం మాట దేవుడెరుగు. ఆయన పిల్లల కథలన్నీ తన మాటల్లో తిరగరాసి, ఆదివారాలు పడగ్గదిలో దుప్పట్లు వేలాడదీసుకుని రికార్డు చేసి పడేస్తాడు. ఆ గొంతుకి ఫోటోలు అతకడం ఆమె వంతు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే, మాటకీ మాటకీ మధ్య ఆయన నాలుక అంగిలికి అంటుకుని ఊడడం, గుటక మింగడం, పెదాల చివర తడి చప్పుడు, అన్నీ ఆమె చెవిలోపలే జరిగేవి. వాటన్నిటినీ ఒక్కొక్కటే కత్తిరించేది. పిల్లల ఇళ్ల చప్పుళ్లు అవతల పారేసి, ఈయన చొంగ చప్పుడు శుభ్రం చేస్తున్నానే అనుకుంటే ఒళ్లు జలదరించేది. బేసిన్ కడగడం దీనికన్నా నయం, కనీసం దాని తర్వాత చేతులు కడుక్కోవచ్చు.

ఇక ఆదివారం ఇంటి సంగతి. ఆయన రికార్డు చేస్తున్నంతసేపూ ఇంట్లో చప్పుడు కాకూడదు. చప్పుడు కాకూడదంటే పని కాకూడదని కాదు, పనులన్నీ కావాలి. కాఫీ వేళకి కాఫీ రావాలి, భోజనం వేళకి భోజనం రావాలి, ఆరేసిన బట్టలు మడతలై బీరువాలోకి చేరాలి. మిక్సీ వద్దన్నాడు కాబట్టి ఆమె రోట్లో గుడ్డ చుట్టిన బండతో నూరింది. వాషింగ్ మెషీన్ వద్దన్నాడు కాబట్టి బాత్రూమ్ తలుపేసుకుని చేత్తో ఉతికింది. సింకులో తువ్వాలు పరిచి గిన్నెలు ఒక్కొక్కటే పడుకోబెట్టి, కుళాయిని దారంలా వదిలి కడిగింది. పప్పుడబ్బా మూత బిగుసుకుపోతే, టక్కున ఊడుతుందేమోనన్న భయంతో దాన్ని పట్టుకుని వీధి తలుపు అవతలికి వెళ్లి ఊడదీసుకుని వచ్చింది. దొంగతనానికి వచ్చినవాళ్లు కూడా అంత జాగ్రత్తగా మసలరు. అదీ తన సొంత ఇంట్లో.

ఆ ఆదివారం గుసగుస కథ వంతు వచ్చింది. ఆమె బట్టలు మడతపెడుతూ హాల్లో కూర్చుంది. అత్తగారు సోఫాలో ఉంది. తలుపు లోపలి నుంచి బంగారు గొంతు మొదలైంది.

"అమ్మ! ఆ రెండక్షరాల్లో ఎంత మాధుర్యం! అలుపెరుగని దేవత... తనకంటూ ఏమీ కోరుకోని త్యాగమూర్తి... ఆమె పెదవిపై చిరునవ్వు చెదరదు..."

అత్తగారికి దగ్గు వచ్చింది. పాపం ఆవిడకి చలికాలమంతా ఆయాసమే. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. ఆమె చటుక్కున వేలు పెదాల మీద పెట్టి ఉష్ అంది. పెద్దావిడని, దగ్గుతున్న మనిషిని, చిన్నపిల్లని చేసినట్టు ఉష్ అంది. అన్నాక తన వేలు తనకే అసహ్యంగా కనబడింది.

లోపల గొంతు ఆగింది. తలుపు తెరుచుకుంది. "అమ్మా, కాస్త ఆపుకోలేవా? మైకులో పడుతోంది. కాసేపు బయట మెట్ల మీద కూర్చో పో," అన్నాడాయన. తర్వాత ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపి, "కాఫీ," అన్నాడు.

అత్తగారు గోడ పట్టుకుని లేచి, చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుని, వాటిని చేత్తో పట్టుకుని నడిచింది, టపటపలాడతాయని. తలుపు దగ్గర ఆగి, "వాడికి పనుంది పాపం," అని తనకి తనే చెప్పుకుంది. ఆమె ఆవిడ కోసం దిండూ శాలువా తీసుకెళ్లి మెట్ల మీద వేసింది. లోపల్నుంచి మళ్లీ వినబడింది. "అమ్మ! ఆ రెండక్షరాల్లో ఎంత మాధుర్యం!" మెట్ల మీద అమ్మ మోకాళ్ల మధ్య తలపెట్టుకుని దగ్గుతోంది. ఆమె లోపలికి వచ్చి బేసిన్ మీదికి వంగింది. వాంతి చప్పుడు లోపలికి వినబడకుండా కుళాయి తిప్పబోయి, కుళాయి చప్పుడు కూడా వినబడుతుందని గుర్తొచ్చి, నోరు మూసుకుని నిలబడింది. తన ఇంట్లో తనకి వాంతి చేసుకునే స్వతంత్రం కూడా లేదని ఆ నిమిషంలో తెలిసింది.

మసక ఫోటోలు కూడా ఆయనకి నచ్చలేదు. ఇంటర్నెట్లో వెతికి ఒక ఫోటో తీశాడు. తెల్లటి పళ్లు, చెదరని జుట్టు, ఇస్త్రీ నలగని బట్టలు, చేతిలో పాలగ్లాసు, వెనకాల కిటికీలోంచి ఎండ. "అమ్మంటే ఇలా ఉండాలి," అన్నాడు. వెనకాల వేణువు పెట్టమన్నాడు. ఆమె అన్నీ పెట్టింది. పెడుతూ తనని తాను తిట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం గుసగుసని పిలిచి చూపించింది. ఎందుకు చూపించిందో ఆమెకే తెలియదు. ఆ పిల్ల ఏడుస్తుందని, నాకిది వద్దంటుందని, ఆ మాట పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లొచ్చని ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది. గుసగుస ఏడవలేదు. చేతులు కట్టుకుని చివరిదాకా మర్యాదగా చూసింది.

"బాగుంది టీచర్," అంది. తర్వాత పాలగ్లాసు పట్టుకున్నావిడని వేలుతో చూపించి, "ఈవిడెవరు?" అంది.

ఆ మర్నాడు హాజరు పిలిస్తే గుసగుస మళ్లీ చెయ్యి మాత్రమే ఎత్తింది. ప్రశ్న అడిగితే పక్కపిల్ల చెవిలో చెప్పింది.

పెద్దసారు దగ్గరికి వెళ్లింది ఆమె. పిల్లల గొంతులతోనే వేద్దామండీ అంది. కథలు వాళ్లవి, ఈ పద్ధతే అది, మధ్యలో పెద్దవాళ్లు దూరితే ఇంకెప్పుడూ నోరు విప్పరు అంది. పెద్దసారు అల్మారాలోంచి ఆహ్వానపత్రాల కట్ట తీసి ఒకటి ఇచ్చాడు. రచన, గాత్రం, దర్శకత్వం అన్న చోట ఆమె భర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అడుగున, సహకారం అన్న మాట పక్కన ఆమె పేరుంది. పెద్దసారు నవ్వి, "చూశారా, మీ పేరు కూడా వేయించాను," అన్నాడు. ఇంట్లో ఆయనకి చెప్పి చూసింది. "ఆ పిల్ల చప్పుళ్లు రికార్డు చేస్తే దాన్ని కథంటారా? గిన్నెల చప్పుడు వినడానికి జనం సభకి వస్తారా? నీకు అసూయ, ఇంకేం కాదు," అన్నాడు. అన్నాక గొంతు సవరించుకుని, "వేణ్ణీళ్లు పెట్టు," అన్నాడు.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో పై ఆఫీసు వాళ్లు, వాళ్ల పక్కన కొత్త చొక్కాలో ఆయన. ఆఫీసు స్నేహితులు నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరు దగ్గర ఆమె కూర్చుంది, అది సహకారం కాబట్టి. తెర మీద బడి పేరు పడింది. ఆయన కాలు మీద కాలేసుకుని, కళ్లు సగం మూసుకున్నాడు. ఆమె ఆయన గొంతున్న ఫోల్డరు వైపూ, పిల్లల గొంతులున్న ఫోల్డరు వైపూ చూసింది. ఈ ఉద్యోగం ఆమెకి కావాలి. ఇంట్లో మాటలు పడే ఓపిక కూడా పెద్దగా మిగల్లేదు. పిల్లలు కూర్చున్న వైపు చూస్తే గుసగుస తల వంచుకుని బూటు తాడు ముడేసుకుంటోంది, వేసిన ముడే మళ్లీ విప్పి వేసుకుంటోంది. ఆమె పిల్లల ఫోల్డరు తెరిచి నొక్కింది.

తాతగారి పళ్లసెట్టుకి హాలంతా నవ్వింది. లిఫ్టు కథలో మధ్యలో కుక్కరు కూసి, ఆ పిల్ల "అమ్మా, ఆపవే, రికార్డవుతోంది!" అని అరిస్తే ఆడవాళ్ల వైపు నుంచి పకపకలు లేచాయి. ఆయన కళ్లు తెరిచి తెర వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. పెద్దసారు పక్క తలుపు దగ్గర నిలబడి ఆపమని చెయ్యి ఊపుతున్నాడు. పై ఆఫీసు పెద్దమనిషి ఒకాయన ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు, ఆయనకి ఏ గొంతైనా ఒకటే.

తర్వాత బక్కెట్ నిండుతున్న మోత. తెర మీద తడి నేల, సగం కాలు. "ఇది మా అమ్మ లేచింది."

సందడి తగ్గింది. నేల తుడుస్తున్న చప్పుడు హాలంతా పరుచుకుంది. ఇదీ అమ్మే, ఇదీ అమ్మే అని ఆ సన్న గొంతు ఒక్కొక్కటే చెబుతుంటే, కూర్చున్నవాళ్లు మెడలు ముందుకి చాచి విన్నారు. ఇస్త్రీపెట్టె దబ్బున పడితే ఎవరో ఒకావిడ ఉలిక్కిపడి, "మాదీ అంతే," అంది పక్కావిడతో. నాన్న గురక దగ్గర ఆడవాళ్లు విరగబడి నవ్వారు, మగవాళ్లు కొందరు నవ్వారు, కొందరు కుర్చీల్లో కదిలారు. "ఇదేం కథ, చోద్యం కాకపోతే," అని వెనకనుంచి ఒక మగగొంతు విసుక్కుంది. చప్పట్లు మరీ మోగిపోలేదు. అక్కడక్కడ మొదలై, ఆగి, మళ్లీ ఇంకోచోట మొదలయ్యాయి. పక్కపిల్లలు భుజాలు కుదుపుతుంటే గుసగుస తల ఎత్తి తెర వైపు కాకుండా హాలు వైపు చూసింది. ఇంతమంది విన్నారా అన్నట్టు అందరి మొహాలూ వెతికి వెతికి చూసింది.

సభ అయ్యాక పని యూనిఫాం విప్పకుండానే వచ్చిన ఒకావిడ కంప్యూటరు దగ్గరికి వచ్చింది. గుసగుస తల్లి. చేతిసంచి రెండు చేతులా పట్టుకుని ఉంది.

"మా పిల్ల అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు టీచరుగారూ," అంది. మళ్లీ తనే, "వినడానికి ఆగితేగా," అంది. వెనకనుంచి గుసగుస వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, ఆ గురక ఒక్కటే నాన్నది, మిగతా చప్పుళ్లన్నీ నీవే," అంది పైకే. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక కూతురి జుట్టు సరిచేసింది.

పెద్దసారు ఆమెని తన గదికి పిలిచి తలుపేశాడు. బడి పరువు తీశారన్నాడు. పిల్లల ఇళ్లలో గురకలు కూడా పై ఆఫీసు వాళ్లకి వినిపించారన్నాడు. రేపటినుంచి క్లాసులోకి ఫోన్లు రాకూడదు, కంప్యూటరు ఆఫీసు గదిలో ఉంటుంది, ఈ కథల గొడవ ఇంతటితో చాలన్నాడు. ఆమె సరేనండీ అంది. బయటికొస్తే గుసగుస, లిఫ్టు పిల్ల, ఇంకో నలుగురు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "మళ్లీ కథ ఎప్పుడు టీచర్?" అనడిగింది, గుసగుసే. "ఆదివారం," అంది ఆమె. "ఎక్కడ?" అంటే, మెయిన్‌రోడ్డు మీది లైబ్రరీలో వెనక గది ఖాళీగానే ఉంటుందని అప్పటికప్పుడు గుర్తొచ్చింది. "అమ్మల్ని కూడా తీసుకురండి. వాళ్లకీ చెప్పుకునేవి ఉంటాయి," అంది. అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

ఇంటికెళ్లేసరికి ఆయన కొత్త చొక్కా కుర్చీ మీద విసిరేసి, బనీనుతో హాల్లో పచార్లు చేస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పకముందే మొదలైంది. స్నేహితుల ముందు తలెత్తుకోలేకపోయాడట. ఇన్ని ఆదివారాలు ధారపోశాడట. మొగుడు పైకొస్తుంటే పెళ్లాం చూడలేకపోవడం లోకంలో ఎక్కడా లేదట. అరిచీ అరిచీ బంగారు గొంతు బొంగురుపోయింది. మాటకో తుంపర బల్ల మీద పడుతోంది. ఇదివరకైతే ఆమె ఎప్పుడు ఆగుతాడా అని ఎదురుచూస్తూ, ఆగాక ఏం వండాలా అని ఆలోచిస్తూ నిలబడేది. ఈసారి ఆ తుంపరల వైపే చూస్తూ నిలబడింది. భయం వేయలేదు. కోపం కూడా రాలేదు. రోత పుట్టింది, అది కూడా పాతదే, కాకపోతే ఇన్నాళ్లూ దాన్ని కడిగేసుకుంటూ వచ్చింది. ఇవాళ కడుక్కోవాలనిపించలేదు.

"అసలు నా గొంతు లేకపోతే ఆ పిల్లకాయల చప్పుళ్లకి విలువేముంది? నా గొంతు తీసేస్తావా? నన్ను తీసేస్తావా?" అన్నాడు.

"ఆదివారాలు నేను ఇంట్లో ఉండను," అంది ఆమె. "పొద్దున్నే వెళితే సాయంత్రానికి వస్తాను. లైబ్రరీలో పిల్లలు వస్తారు. అత్తయ్యా, మీరూ వస్తారా? అక్కడ ఎంత దగ్గినా ఎవరూ ఏమనరు."

సోఫాలో ముసలావిడ కొడుకు వైపు చూడలేదు. "ఏ టైముకి తయారవ్వాలి అమ్మాయ్?" అంది.

ఆయన పచార్లు ఆపేశాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పరువు, స్నేహితులు, ధారపోసిన ఆదివారాలు, అన్నీ ఎక్కడికి పోయాయోగానీ, ఇంతసేపటి కేకల తర్వాత ఆ నోటినుంచి వచ్చింది ఒక్కటే మాట.

"మరి భోజనం?"

ఆమెకి నవ్వొచ్చింది. చెప్పులు విప్పి, తలుపు పక్కన పెట్టి, ఆయన వైపు తిరిగింది.

"మీ గొంతు తీసేసి చూశాను. ఆ కథలకేమీ తక్కువ కాలేదు. ఆదివారం మీరు ఈ ఇంట్లోంచి నన్ను తీసేసి చూడండి."